కొండలను మట్టిలోకి తెచ్చే సామగ్రి: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

కొండల దృశ్యాలతో పాత్రలు, పలకలు చేయాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు రంగుల దగ్గరికి వెళ్తారు. దూరపు కొండకు నీలం, అడవికి ఆకుపచ్చ, శిఖరానికి తెలుపు అంటూ మూడు నాలుగు అండర్‌గ్లేజు సీసాలు, అంటే గాజు పూత (గ్లేజు) కింద వేసే రంగులు, కొంటారు. తీరా బట్టీ తెరిచి చూస్తే కొండ బొమ్మ ఉంటుంది గాని కొండ ఉండదు. రాయి పగలడం, పొరలుగా పేరుకోవడం, నీటికి కోసుకుపోవడం, పల్లంలో పొగమంచు నిలవడం... కొండకు రూపమిచ్చేవి ఇవి. మట్టీ గ్లేజూ ఈ పనులన్నీ తమంతట తామే చేయగలవు. అందుకే ఈ సమీక్షలో ప్రతి సరుకునూ ఒకే ప్రశ్నతో తూచాం: చేతిలోనూ వేడిలోనూ ఇది చేసే పని కొండ మీద జరిగే పనికి ఎంత దగ్గరగా ఉంది? డబ్బా మీద అచ్చేసిన రంగు ఎలా ఉందన్నది తర్వాతి సంగతి.

ఈ దగ్గరితనం ఊహించి చెబుతున్నది కాదు. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నీటికి, కాలానికి లొంగి కయోలిన్ అనే తెల్లమట్టిగా మారుతుంది. చైనాలో జింగ్‌డెజెన్ పోర్సలీన్‌కు, అంటే తెల్ల పింగాణీకి, పేరు తెచ్చిన తెల్లమట్టి దగ్గర్లోని గావోలింగ్ కొండలో తవ్వినదే. గ్లేజుల్లో కలిపే ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, సున్నపురాయి, డోలమైట్ కూడా కొండరాళ్ల పొడులే.

కింద చెప్పే ఫలితాలు రెండు రకాల కాల్పుకు వర్తిస్తాయి. ఒకటి విద్యుత్ బట్టీలో ఆక్సిడేషన్ (ఆక్సిజన్ పుష్కలంగా ఉండే కాల్పు), కోన్ 6, అంటే సుమారు 1220 డిగ్రీల సెల్సియస్. కోన్ అంటే తగినంత వేడి పట్టగానే వంగి కాల్పు స్థాయిని చూపే చిన్న శంకువు. రెండోది గ్యాస్ బట్టీలో రిడక్షన్ (ఆక్సిజన్ తక్కువగా ఉంచే కాల్పు), కోన్ 10, సుమారు 1285 డిగ్రీలు. గ్లేజుకు ముందు చేసే తొలి కాల్పు, అంటే బిస్క్, రెండింటికీ 1000 డిగ్రీల దగ్గరే.

గ్రాగ్ ఉన్న స్టోన్‌వేర్ మట్టి

ఒకే ఒక్క వస్తువు కొనే వీలుంటే ఇదే కొనండి. స్టోన్‌వేర్ అంటే ఎక్కువ వేడికి రాయిలా గట్టిపడే మట్టి. కాల్చి రవ్వగా కొట్టిన మట్టినే గ్రాగ్ అంటారు. 25 నుంచి 40 శాతం గ్రాగ్, రవ్వ సైజు 0 నుంచి 2 మిల్లీమీటర్లు ఉన్న మట్టి కొండ పనికి సరిగ్గా సరిపోతుంది. తీగతో కోసినప్పుడు రవ్వలు తీగ వెంట లాక్కుపోయి కోత మీద గీతలు పడతాయి. పగిలిన రాతి ముఖానికి దాదాపు అదే రూపం. పైగా గ్రాగ్ ఒకసారి కాలింది కాబట్టి మళ్లీ కుంచించుకోదు. నున్నటి పోర్సలీన్ మొత్తం మీద 12 నుంచి 15 శాతం కుంచించుకుంటే ఇది 6 నుంచి 9 శాతంతో ఆగుతుంది. ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉన్న గోడలను ఈ మట్టి భరించడానికి కారణం అదే.

దీనితో చేయగలిగిన అత్యుత్తమమైన పని కోసి సాగదీయడం. 30 మిల్లీమీటర్ల మందం ఉన్న మట్టి దిమ్మను, స్ప్రింగులా చుట్టిన తీగతో ఏటవాలుగా కోయాలి. కోసిన ముఖం పైకి ఉండేలా పట్టుకుని, బల్ల మీద ఏటవాలుగా విసిరి సాగనివ్వాలి. ప్రతి విసురుకీ దిశ మార్చాలి. 10 మిల్లీమీటర్ల మందానికి వచ్చేసరికి సన్న గీతలు లోయలవుతాయి, వాటి మధ్య గట్లు విడివడతాయి. ఆ ముఖాన్ని వేలితో ముట్టుకోకూడదు. వేలు తగిలినచోట రాయి పోయి మట్టి కనిపిస్తుంది. అంచులు చీలుతున్నాయంటే మట్టి గట్టిపడిందని. గీతలు మూసుకుపోతున్నాయంటే మరీ మెత్తగా ఉందని.

లోపాలూ ఉన్నాయి. సారె మీద చేతులు గీరుకుపోతాయి. పాత్ర అడుగు బల్లను గీస్తుంది కాబట్టి కాల్చాక డైమండ్ ప్యాడ్‌తో రుద్ది తీరాలి. సన్నని గీతల చెక్కడం ఇందులో కుదరదు. సూది గ్రాగ్ రవ్వకు తగిలి పక్కకు జారుతుంది. మందమైన ముక్కలు పైకి ఆరినట్టే కనిపిస్తాయి, లోపల తడి ఉంటుంది. 25 మిల్లీమీటర్లు దాటిన భాగం ఉంటే రెండు వారాలు ప్లాస్టిక్ కింద ఆరనిచ్చి, బిస్క్‌లో 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిలపాలి. లోపలి నీరు ఆవిరి కాకముందే 100 డిగ్రీలు దాటితే ముక్క పేలుతుంది, పక్కవాటినీ పాడుచేస్తుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే ఉష్ణోగ్రత దగ్గర ముడుచుకుంటుంది. మందమైన పనిని ఆ మెట్టు రెండువైపులా నెమ్మదిగా దాటించాలి.

నల్ల స్టోన్‌వేర్ కూడా చాలామందిని ఆకర్షిస్తుంది. బసాల్ట్ నలుపు గ్లేజు లేకుండానే వస్తుంది కాబట్టి ఆ ఆకర్షణ న్యాయమైనదే. కానీ దాని నలుపు ఎక్కువగా ఇనుము, మాంగనీస్‌ల వల్ల వస్తుంది. ఇనుము ఎక్కువైన మట్టి చెప్పిన ఉష్ణోగ్రత కాస్త దాటినా బుడగలు పోసి ఉబ్బుతుంది. బిస్క్ తొందరగా చేస్తే లోపలి కర్బనం పూర్తిగా కాలిపోదు, ఉబ్బు ఇంకా పెరుగుతుంది. 800 నుంచి 900 డిగ్రీల మధ్య నెమ్మదిగా పోవడమే మందు. మాంగనీస్ పొగ నాడీ వ్యవస్థకు హానికరం, బట్టీ గదిలో గాలి బయటికి పోయే ఏర్పాటు లేకపోతే ఈ మట్టి జోలికి పోవద్దు.

సోడియం సిలికేట్

నీటిగాజు అనే ఈ చిక్కటి ద్రవం అన్ని సరుకుల్లోకీ ఎక్కువ ఆశ్చర్యపరిచేది. ఎండి బీటలు వారిన నేల, పెచ్చులూడిన రాతిగోడ, హిమానీనదం మీది పగుళ్లు... ఇవన్నీ దీనితో వస్తాయి, వేటినీ చేత్తో గీయనక్కర్లేదు.

సారె మీద మందమైన గోడతో నిటారు గొట్టం లాగండి. ఆకారం అప్పుడే ఇవ్వకండి. బయటి ముఖం మీద బురదనంతా రిబ్బుతో (గోడను నునుపు చేసే పల్చటి పలకతో) తీసేసి, సోడియం సిలికేట్ ఒక పూత వేసి, హీట్ గన్‌తో చేతికి అంటనంతవరకు ఆరబెట్టండి. ఇలా రెండు మూడు పూతలు. తర్వాత చేయి లోపల మాత్రమే పెట్టి, సారెను నెమ్మదిగా తిప్పుతూ, లోపలి నుంచి బయటికి ఉబ్బించండి. పైచర్మం గట్టిపడింది, లోపలి మట్టి ఇంకా మెత్తగా ఉంది. చర్మం పగిలి పలకలుగా విడిపోతుంది. ఎంత లోతుగా ఆరబెడితే పలకలు అంత పెద్దవి. కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ ఆరబెడితే పాదం దగ్గర పెద్ద బండలు, పైన గులకరాళ్లు కనిపిస్తాయి. పగుళ్లు గోడను చీల్చుకుని లోపలికి వస్తే గోడ మొదటి నుంచే పల్చగా ఉందని అర్థం. 12 మిల్లీమీటర్లకు తగ్గించకండి.

జాగ్రత్తలు రెండు. ఇది తగిలిన మట్టి ముక్కలను పాత మట్టి తొట్టిలో వేయకూడదు. మట్టి రేణువులను ఇది విడగొడుతుంది, తొట్టి మొత్తం జావగా, సారె మీద నిలవనిదిగా మారుతుంది. రెండోది, ఎండిన అంచులు గాజులా చేతిని కోస్తాయి. ఈ ముఖం మీద గ్లేజు సరిగా పట్టదు, అక్కడక్కడ ముడుచుకుంటుంది. అందువల్ల పగుళ్లలో ఆక్సైడ్ రుద్ది, గ్లేజు లేకుండా వదిలేయడమే మేలు.

ఆక్సైడ్ రుద్దడానికి ఎర్ర ఐరన్ ఆక్సైడ్, ఫెర్రో 3134 ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) బరువులో సమానంగా కలిపి, నీళ్లతో పాలంత పల్చగా చేస్తే చాలు. బిస్క్ ముక్క మీద పులిమి, పిండిన తడి స్పాంజితో పైగట్లు తుడవాలి. ఫ్రిట్ లేకుండా ఒట్టి ఆక్సైడ్ వాడితే కాలిన తర్వాత కూడా చేతికి అంటుతుంది.

రాతి నుంచి నేరుగా అచ్చు

దుకాణంలో దొరికే రబ్బరు టెక్స్చర్ మ్యాట్లు ఈ పనికి వద్దు. ఒకే నమూనా ప్రతి 20, 30 సెంటీమీటర్లకు తిరిగొస్తుంది. కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. రాయి మీద పల్చని నూలు గుడ్డ కప్పి మట్టి పలకను అదిమితే రాతి ముఖం ఉచితంగా వస్తుంది. గ్రానైట్, షిస్ట్, ఇసుకరాయి ముఖాలు మూడూ మూడు రకాలుగా అచ్చవుతాయి. పొరలు తేలిన షిస్ట్ అన్నిటికన్నా స్పష్టంగా వస్తుంది.

సున్నపురాయి మీద మాత్రం గుడ్డ లేకుండా అదమకండి. దాని పొడి ఒక్క రవ్వ మట్టిలో దిగినా బిస్క్‌లో కాలి సున్నమవుతుంది. ఆ సున్నం గాలిలోని తేమ పీల్చి ఉబ్బి, రోజుల తర్వాతో వారాల తర్వాతో పాత్ర మీంచి చిన్న పెచ్చును ఎగరగొడుతుంది. ఊడిన గుంటలో తెల్ల చుక్క కనిపిస్తే కారణం అదే. ప్లాస్టర్ ముక్కలూ అదే పని చేస్తాయి. ఏరుకొచ్చిన రాళ్లను అలాగే బట్టీలో పెట్టడం మరీ ప్రమాదం. లోపలి తేమతో పేలిపోతాయి.

స్లిప్పులూ చింపిన కాగితమూ

దూరంగా ఉన్న కొండ లేతగా, నీలంగా కనిపించడానికి కారణం మధ్యలో ఉన్న గాలి. గాలి నీలం కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది, ఆ చెదిరిన వెలుగు కొండకూ మనకూ మధ్య తెరలా నిలిచి ముదురు నీడలను లేతబరుస్తుంది. కాబట్టి దూరపు కొండకు వేరే రంగు సీసా అక్కర్లేదు, దగ్గరి కొండ రంగునే వరసగా పలచన చేస్తే చాలు. నాలుగు సీసాల అండర్‌గ్లేజు సెట్టు కంటే ఒక తెల్ల స్లిప్ (పూతగా వాడే పల్చటి మట్టి జావ), ఒక ముదురు స్లిప్ ఎక్కువ పనికొస్తాయని చెప్పడానికి ఇదే ఆధారం.

తెల్ల స్లిప్‌కు బాల్ క్లే 30, కయోలిన్ 30, పొటాష్ ఫెల్డ్‌స్పార్ 20, సిలికా 20 భాగాలు. 80 మెష్ జల్లెడ పట్టి మీగడంత చిక్కగా ఉంచండి. ఇందులో 100 గ్రాముల పొడికి నల్ల స్టెయిన్ (తయారుగా దొరికే రంగుపొడి) 6 గ్రాములు, కోబాల్ట్ కార్బొనేట్ అర గ్రాము కలిపితే రాతిపలక రంగు ముదురు స్లిప్ వస్తుంది. కోబాల్ట్ విషయంలో చెయ్యి జారనివ్వకండి. ఒక్క శాతానికే కొండలు సిరా నీలమవుతాయి. ఆక్సైడ్ కన్నా కార్బొనేట్ నయం, రేణువు సన్నం కాబట్టి నీలి చుక్కలు పడవు. ఇక రెండు స్లిప్పులూ ఒకే చిక్కదనంలో ఉన్నాయని చూసుకుని, ముదురుకి తెలుపు 1:1, 1:3, 1:7 కొలతల్లో కలపండి. అసలు ముదురుతో కలిపి నాలుగు దూరాలు సిద్ధం. స్టెయిన్ ప్రతి మెట్టుకూ సగం అవుతుంది, కన్ను దాన్ని సమానమైన అడుగులుగా చదువుతుంది. 10 శాతం, 20 శాతం అంటూ సమానంగా తగ్గిస్తే ముదురు వైపు తేడాయే తెలియదు. పచ్చి స్లిప్ రంగుకూ కాలిన రంగుకూ పోలిక ఉండదు గనుక సీసాల మీద అంకెలు రాసుకోవడం తప్పనిసరి.

పూత పూసే పద్ధతిలో వినైల్ స్టెన్సిల్, రబ్బరు లేటెక్స్, వాక్స్, పాత వార్తాపత్రిక అన్నీ పోటీలో ఉన్నాయి. గెలిచింది వార్తాపత్రిక. తడి పీల్చుకుని వంపుల మీద అతుక్కుంటుంది, చేత్తో చింపిన అంచు కత్తిరించినదానికన్నా నిజమైన గట్టు గీతనిస్తుంది. వినైల్ తడి మట్టి మీద లేచిపోతుంది. లేటెక్స్ లాగేటప్పుడు కింది స్లిప్పును వెంట తీసుకుపోతుంది. వాక్స్ ఒకసారి వేస్తే బిస్క్ దాకా పోదు కాబట్టి పొరల పనికి అడ్డం.

సగం ఆరి గట్టిపడిన, ఇంకా చల్లగా తగిలే పాత్ర మీద మొదట తెల్ల స్లిప్ మొత్తం పూయండి, అది ఆకాశం. మెరుపు తగ్గగానే చింపిన కాగితం తడిపి, చిరుగు అంచు కిందికి ఉండేలా అతికించండి. ఆ అంచే మొదటి, అంటే అతి దూరపు, కొండగట్టు. కాగితం మీంచి మొదలుపెట్టి కింది భాగమంతా 1:7 స్లిప్ పూయండి. మళ్లీ మెరుపు తగ్గాక ఇంకాస్త కింద రెండో కాగితం, దాని కింద 1:3. ఇలాగే కిందికి వస్తూ చివరికి ముదురు స్లిప్. కాగితాలన్నీ ఆఖర్లో, స్లిప్ పూర్తిగా ఎండకముందే, సూదిమొనతో ఒక మూల లేపి తీయాలి. ఒక్కో పూత మిల్లీమీటరులో మూడో వంతు మించకూడదు, లేకపోతే నాలుగు పూతలు కలిసి మెట్లు కడతాయి. ముందు పూత తడిగా ఉండగా తర్వాతిది వేస్తే రెండు దూరాలూ కలిసిపోతాయి; పాత్ర ఎండిపోయాక వేస్తే స్లిప్ మాత్రమే కుంచించుకుని పెచ్చులుగా రాలుతుంది. పాత్ర అప్పటికే ఎండిందా, కయోలిన్‌లో సగం తీసేసి కాల్చిన కయోలిన్ వేయండి. కుంచించుకోవడం తగ్గుతుంది.

దీని మీద వేసే పారదర్శక గ్లేజులో జింక్ ఉండకూడదు. నల్ల స్టెయిన్లలో చాలావాటిలో క్రోమియం ఉంటుంది. మేసన్ 6600లోనూ ఉంది. జింక్ తగిలితే క్రోమియం గోధుమ రంగుకు తిరుగుతుంది, చల్లని బూడిదనీలం కొండలు బురద రంగులోకి పోతాయి.

అండర్‌గ్లేజు పెన్సిళ్ల గురించి ఒక్క మాట చాలు: నున్నటి పోర్సలీన్ మీద తప్ప ఈ పనికి కొనకండి. గ్రాగ్ మీద గీత తెగుతుంది, గ్లేజు ముంచేటప్పుడు చెరుగుతుంది.

ఇనుము గ్లేజులు

గ్యాస్ బట్టీ అందుబాటులో ఉంటే గ్లేజుల మీద ఖర్చు చాలా తగ్గించుకోవచ్చు. ఫెల్డ్‌స్పార్ 40, సిలికా 30, వైటింగ్ (సున్నపురాయి పొడి) 20, కయోలిన్ 10 అనే పాత 4-3-2-1 గ్లేజు ఒక్క బకెట్ కలపండి. దానిలో కొంత తీసి ఒక శాతం ఎర్ర ఐరన్ ఆక్సైడ్ వేస్తే నీలిపచ్చ రంగు సెలడాన్. ఇంకొంత తీసి 8 నుంచి 10 శాతం వేస్తే నల్లటి టెన్మొకు. లోయ ఒకటి, గట్టు ఒకటి. రెండూ ఒకే గ్లేజు కాబట్టి కలిసేచోట పోట్లాడుకోవు.

సెలడాన్ పారదర్శకం. చెక్కిన పల్లంలో చేరినచోట మందం పెరిగి ముదురుతుంది, గట్టు మీద పల్చబడి మట్టి రంగు చూపిస్తుంది. 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు చెక్కడం దీనికి సరైన జోడీ. అంతకన్నా తక్కువ లోతైతే తేడా కనిపించదు, ఎక్కువైతే పల్లంలో బుడగలు చిక్కుకుని మసకబారుతుంది. కొంచెం మసక పొగమంచుకు మంచిదే. నీలంవైపు కావాలంటే టైటానియం తక్కువున్న కయోలిన్ వెతకాలి, కొద్దిపాటి టైటానియం చాలు సెలడాన్‌ను పచ్చవైపు లాగడానికి. ఫెల్డ్‌స్పార్ ఎక్కువ కాబట్టి సన్న జాలు పగుళ్లు పడొచ్చు. పలక మీద అది అందమే. తినే పాత్రలకు సిలికా కొంచెం కొంచెంగా పెంచి, ప్రతిసారీ ముక్క కాల్చి చూసుకోండి.

టెన్మొకు నలుపు మందంగా ఉన్నచోట, అంచుల మీద పల్చబడినచోట తుప్పు రంగు. కోసి సాగదీసిన మట్టి మీద ఒక్కసారి ముంచి తీస్తే ప్రతి గట్టునూ అదే విడిగా గీసి చూపిస్తుంది. నిటారు గోడ మీద జారుతుంది. పాదానికి 8 నుంచి 10 మిల్లీమీటర్లు పైనే ఆపాలి.

విద్యుత్ బట్టీలో ఇదే గ్లేజు పనిచేయదు. కోన్ 6కు సరిగా కరగదు, రిడక్షన్ లేనిదే ఒక శాతం ఇనుము తేనెపసుపే ఇస్తుంది. అక్కడ సెలడాన్ పేరుతో అమ్మే గ్లేజుల పచ్చదనం స్టెయిన్ల నుంచి వచ్చేది. పల్లంలో చేరే గుణం మాత్రం వాటికీ ఉంది, అందుకని కొనడంలో తప్పులేదు. కొనేటప్పుడు పారదర్శకమా కాదా అన్నదొక్కటే అడగండి.

బూడిద గ్లేజు వాగుల కోసం. కట్టెల బూడిద 40, ఫెల్డ్‌స్పార్ 40, మట్టి 20, కోన్ 10. బూడిదలో సున్నం ఎక్కువ కాబట్టి గ్లేజు నిటారు ముఖం మీద సన్నని ధారలుగా విడిపోతుంది. వాన నీరు కొండవాలును కోసిన జాడలు అలాగే ఉంటాయి. కడగని బూడిద క్షారం, చేతులు కాలుస్తుంది. తొడుగులు వేసుకోండి. కట్టె మారితే బూడిదా మారుతుంది, అందుకే ఒక పనికి సరిపడా బూడిద ఒకేసారి సేకరించి జల్లించి పెట్టుకోవాలి.

మంచుకు ఏం వాడాలి

తెల్ల నిగనిగల గ్లేజును శిఖరం మీద పోస్తే కారిన రంగులా ఉంటుంది. మంచు గాలికి తేలి, రాతి పగుళ్లలో ఆగి, అక్కడక్కడ విడిపోతుంది. దానికి సరైన సరుకు క్రాల్ గ్లేజు, అంటే కావాలనే ముడుచుకునేలా చేసిన గ్లేజు. నెఫలిన్ సయనైట్ 70, మెగ్నీషియం కార్బొనేట్ 25, బాల్ క్లే 5 దగ్గర మొదలుపెట్టండి. కోన్ 6కు పనిచేస్తుంది. మెగ్నీషియం కార్బొనేట్ తేలికరకం కావాలి. ఆ మెత్తటి పొడి నీళ్లు ఎక్కువ పీల్చి, ఆరేటప్పుడు బాగా ముడుచుకుని బీటలు వారుతుంది. బట్టీలో ఆ బీటల అంచులు గుండ్రబడి తెల్లని గుట్టలు అవుతాయి.

కింద ముదురు స్లిప్ లేదా ఐరన్ పూత ఉంటేనే విడిపోయిన సందులు కనిపిస్తాయి. 2 మిల్లీమీటర్ల మందం పూస్తే పెద్ద పెంకులు, 1 మిల్లీమీటరుకు నాచులాంటి చుక్కలు. ఆరిన పూతను కదిలిస్తే రాలిపోతుంది, అందుకని పూసినచోటి నుంచి నేరుగా బట్టీలోకే. ముక్కలు షెల్ఫ్ మీద పడి అతుక్కుంటాయి కనుక కింద కిల్న్ వాష్ (గ్లేజు అతుక్కోకుండా కాపాడే పూత) రాసిన పలక పెట్టండి. సందుల్లో మురికి చేరుతుంది; తిండి పాత్రలకు వద్దు.

పోర్సలీన్ స్లిప్‌ను పొడి బ్రష్‌తో గట్ల మీద తాకించడం రెండో మార్గం. తొలి మంచు కురిసినట్టు లేతగా రావాలంటే క్రాల్ గ్లేజు కన్నా ఇదే మెరుగు.

అగ్నిపర్వతాల రాయి కావాలనుకునేవాళ్ల కోసం క్రేటర్ గ్లేజు ఉంది. చిక్కగా కరిగే ఏ మ్యాట్ గ్లేజులోనైనా ఒక శాతం సిలికాన్ కార్బైడ్ సన్నపొడి కలిపితే అది వాయువు వదిలి, గ్లేజు పొంగి, గుంటలు పడుతుంది. పొడి ఎంత సన్నమైతే గుంటలు అంత చిన్నవి. పగిలిన బుడగ అంచులు పదునుగా ఉంటాయి, కాల్చాక రాతితో రుద్దాలి. అందంగానే ఉంటుంది గాని అతిగా వాడితే పాత్ర మొత్తం నురగలా మారి, ఆకారం కనిపించకుండా పోతుంది. ఒక్క మూలకు చాలు.

రెండు రెడీమేడ్ గ్లేజులను ఒకదాని మీద ఒకటి వేసి పర్వత దృశ్యాలు చూపించే ప్రచార ఫొటోల విషయంలో జాగ్రత్త. ఆ ఫలితం గ్లేజుకు ఎంత చెందుతుందో పూత మందానికి, కింది మట్టికి, బట్టీ చల్లారిన వేగానికీ అంతే చెందుతుంది. రూటైల్ (టైటానియం ఖనిజం) ఉన్న గ్లేజుల్లో ఇది మరీ స్పష్టం. కోన్ 6 తర్వాత 1100 నుంచి 900 డిగ్రీల దాకా గంటకు 60 డిగ్రీల చొప్పున నెమ్మదిగా దించితే జలపాతం చారలు వస్తాయి. స్విచ్ ఆపేసి వదిలితే అదే గ్లేజు చప్పటి గోధుమ రంగుకు పోవచ్చు.

పనిముట్లు

చేతి పనిముట్లలో ఎక్కువ కొననక్కర్లేదు. ఆరిన మట్టిని గీకే సర్ఫామ్ బ్లేడు, చుట్టిన తీగ, సన్న సూది, ఒక లోహపు కిడ్నీ (మూత్రపిండం ఆకారంలో ఉండే గీకుడు పలక). రబ్బరు రిబ్బుల్లో మడ్‌టూల్స్‌వి రంగుల వారీగా గట్టిదనం తేడాతో వస్తాయి: ఎరుపు అన్నిటికన్నా మెత్తన, నీలం అన్నిటికన్నా గట్టి. సోడియం సిలికేట్ పాత్రను లోపలి నుంచి ఉబ్బించడానికి ఎరుపు కావాలి. గట్టి రిబ్బు ఒకేచోట ఒత్తి గోడను చీలుస్తుంది. రెడీమేడ్ చెట్ల స్టాంపులు, కొండ ఆకారం కట్టర్లు అసలు వద్దు.

ఆకారం

పదకొండో శతాబ్దపు చైనా చిత్రకారుడు గువో షీ కొండను చూసే మూడు దూరాలు చెప్పాడు: కింద నుంచి శిఖరం వైపు, ముందు నుంచి వెనక్కి లోతుగా, దగ్గరి కొండ నుంచి దూరపు కొండల వైపు సమంగా. సెరామిక్స్‌లో ఇవి ఆకారాన్ని ఎంచుకోవడానికి నేరుగా ఉపయోగపడతాయి. మొదటిదానికి పొడవైన కూజా, రెండోదానికి లోతైన గిన్నె, మూడోదానికి వెడల్పు పళ్లెం లేదా అడ్డం పలక. పళ్లెం మీద నిటారు శిఖరం వేస్తే ఇమడదు, కూజా చుట్టూ దిగంతం వేస్తే బెల్టులా మిగులుతుంది. అమెరికా కళాకారుడు వేన్ హిగ్బీ రాకు (ఎర్రగా ఉండగానే బట్టీలోంచి తీసే పద్ధతి) గిన్నెల్లో భూదృశ్యం లోపలి ముఖం నుంచి బయటి ముఖానికి కొనసాగుతుంది. అంచు దగ్గర దృశ్యం ఆగిపోకుండా గిన్నె చుట్టూ నడవడానికి ఎలా వీలుందో తెలుసుకోవాలంటే ఆ పనులు చూడాలి.

చుట్టూ తిరిగే గట్టు ఒకే ఎత్తులో ఉంటే కంచెలా కనిపిస్తుంది. ఒక వైపు మూడో వంతు ఎత్తుకు లేపి, ఎదురువైపు దాదాపు పాదం దాకా దించండి. మొదలూ చివరా కలిసేచోటు ఆ పల్లంలోనే పెడితే అతుకు కనిపించదు. అంచునే శిఖరాలుగా కోయాలనుకుంటే పాత్ర సగం ఆరాక కోయాలి. శిఖరం మొదట్లో 6 మిల్లీమీటర్లు, కొనలో 3 మిల్లీమీటర్లు ఉండేలా పల్చబరచాలి. కొన బరువైతే కాల్పులో వంగుతుంది, పోర్సలీన్‌లో ఇంకా ఎక్కువ. కోసిన అంచు ఉన్న గిన్నె గుండ్రదనం కోల్పోవడం మామూలే కాబట్టి బిస్క్ దాకా అంచును ప్లాస్టిక్‌తో కప్పి, పాదం ముందు ఆరేలా చూడండి.

పరీక్ష ముక్కలు, కోన్లు

చదునైన పరీక్ష ముక్క ఈ పనికి ఏమీ చెప్పదు. ఎల్ ఆకారంలో నిలబడే ముక్క చేసి, దాని మీద కోసి సాగదీసిన ముఖం కొంత, 2 మిల్లీమీటర్ల చెక్కడం కొంత, నున్నటి భాగం కొంత ఉంచండి. పైసగం రెండు పూతలు, కిందిసగం మూడు. గ్లేజు ఆరాక సూదిని మట్టి తగిలేదాకా గుచ్చి మందం కొలిచి, ఆ అంకెను ముక్క వెనక ఐరన్ ఆక్సైడ్‌తో రాయండి. కోన్ 6 కాల్పుకు ప్రతి షెల్ఫ్ మీదా ఓర్టన్ కోన్లు 5, 6, 7 పక్కపక్కనే పెట్టాలి. బట్టీ మీటరు చూపించేది గాలి ఉష్ణోగ్రత. గ్లేజుకు పట్టిన వేడి ఎంతో కోన్ వంగితేనే తెలుస్తుంది. 5 పూర్తిగా పడి, 6 వంగి కొన ఆధారాన్ని తాకుతూ, 7 నిటారుగా ఉంటే కాల్పు సరిపోయినట్టు. పై షెల్ఫ్‌లోనూ కింది షెల్ఫ్‌లోనూ కోన్లు వేర్వేరుగా వంగితే జారే గ్లేజులను చల్లని షెల్ఫ్‌లో, క్రాల్ గ్లేజును వేడి షెల్ఫ్‌లో సర్దండి.